ఎల్‌వీఎం మీద ఉన్న లైనక్స్ బూట్ కాకపోతే తప్పు ఎక్కడుంటుంది? గ్రబ్ నుంచి రూట్ దాకా ఒక విశ్లేషణ

క్లుప్తంగా

ఎల్‌వీఎం (లాజికల్ వాల్యూమ్ మేనేజర్) అంటే డిస్కులనో, వాటి పార్టిషన్లనో ఫిజికల్ వాల్యూమ్‌లుగా తీసుకుని, వాటిని ఒక వాల్యూమ్ గ్రూప్‌గా కలిపి, అందులోంచి లాజికల్ వాల్యూమ్‌లు కోసుకునే పద్ధతి. రూట్‌ని, అంటే సిస్టమ్ ఫైళ్లుండే ప్రధాన ఫైల్ సిస్టమ్‌ని, లాజికల్ వాల్యూమ్‌లో పెట్టుకున్న లైనక్స్ మెషిన్ రీబూట్ తర్వాత లేవకపోతే చాలాసార్లు డిస్క్‌కి ఏమీ అయి ఉండదు, డేటా కూడా ఎక్కడిదక్కడే ఉంటుంది. రూట్ ఎక్కడుందో చెప్పే వివరం గ్రబ్ అనే బూట్ లోడర్‌లో, కెర్నెల్‌కి అది ఇచ్చే కమాండ్ లైన్‌లో, బూట్ మొదట్లో వాడే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో, ఏది ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో విడివిడిగా, వేర్వేరు రోజుల్లో రాసిపెట్టి ఉంటుంది. ఒకటి మారి మిగతావి మారకపోతే బూట్ ఆగుతుంది. ఏ ప్రాంప్ట్ దగ్గర ఆగిందో చూస్తే ఏది పాతబడిందో తెలుస్తుంది. అది తేల్చుకోకుండా గ్రబ్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఉన్న సమస్య పోకపోగా కొత్తది తోడయ్యే అవకాశం ఎక్కువ.

ఎల్‌వీఎంని చదవడం ఎవరికి వచ్చు

పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి లాగిన్ వచ్చేదాకా నాలుగు చేతులు మారతాయి. ముందు ఫర్మ్‌వేర్, అంటే బయోస్ లేదా యూఈఎఫ్‌ఐ. అది గ్రబ్‌ని లేపుతుంది. గ్రబ్ కెర్నెల్‌నీ, దానితోపాటు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న ఫైల్ సిస్టమ్‌నీ మెమరీలోకి ఎక్కిస్తుంది. ఆ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అసలు రూట్‌ని వెతికి, మౌంట్ చేసి, మిగతా సర్వీసులన్నీ మొదలుపెట్టే సిస్టమ్‌డీకి అప్పగిస్తుంది. సాదా పార్టిషన్ల మీద నడిచే మెషిన్‌లోనూ ఇదే వరస. కానీ మధ్యలో ఎల్‌వీఎం ఉంటే ప్రతి దశలోనూ ఇంకో ప్రశ్న తలెత్తుతుంది: ఈ వాల్యూమ్‌ని చదవడం దీనికి వచ్చా?

ఫర్మ్‌వేర్‌కి రాదు. యూఈఎఫ్‌ఐ తన బూట్ ఫైళ్లను ఫ్యాట్ పార్టిషన్ నుంచి చదువుకుంటుంది, అందుకే ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్‌ని ఎల్‌వీఎం లోపల పెట్టడం కుదరదు. పాత గ్రబ్ లెగసీకీ ఎల్‌వీఎం రాదు, ఆ రోజుల్లో కెర్నెల్, గ్రబ్ ఫైళ్లుండే /బూట్‌ని తప్పనిసరిగా విడి పార్టిషన్‌గా పెట్టింది అందుకే. గ్రబ్ 2కి వచ్చు గానీ అది లైనక్స్ ఎల్‌వీఎం కోడ్ కాదు, గ్రబ్ వాళ్లు విడిగా రాసుకున్న మాడ్యూల్. చదవడం వరకే చేస్తుంది, రాయలేదు. మామూలు లీనియర్, స్ట్రైప్, మిర్రర్ వాల్యూమ్‌లను చదువుతుంది, జాగాని వాడినప్పుడే కేటాయించే థిన్ పూల్‌లో ఉన్న వాల్యూమ్‌ని మాత్రం చదవలేదు.

చాలామంది పొరబడేది కెర్నెల్ దగ్గర. కెర్నెల్‌కి ఎల్‌వీఎం తెలుసని అనుకుంటారు, నిజానికి దానికి తెలిసింది డివైస్ మ్యాపర్ ఒక్కటే. ఫలానా డిస్క్‌లో ఈ సెక్టర్ నుంచి ఈ సెక్టర్ దాకా కలిపి ఒకే డివైస్‌గా చూపించు అని పట్టిక ఇస్తే డివైస్ మ్యాపర్ చూపిస్తుంది, అంతే. డిస్క్ మీద ఉన్న ఎల్‌వీఎం వివరాలు చదివి ఆ పట్టిక తయారుచేసి ఇచ్చేది యూజర్ స్పేస్‌లో నడిచే ఎల్‌వీఎం ప్రోగ్రామ్. ఆ ప్రోగ్రామ్ ఉండేదేమో రూట్‌లో, రూట్ ఉండేది ఎల్‌వీఎంలో. ఈ ముడి విప్పడానికే ఎల్‌వీఎం ప్రోగ్రామ్ కాపీ ఒకటి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో ఉండి తీరాలి. అది లేకపోయినా, ఉండి సరైన సెట్టింగ్స్ లేకపోయినా కెర్నెల్ లేస్తుంది, రూట్ మాత్రం దొరకదు.

ఒకే వివరం, అయిదారు చోట్ల

డిస్క్ మీద ఎల్‌వీఎం సమాచారం చూస్తే చాలా సాదాగా ఉంటుంది. ఫిజికల్ వాల్యూమ్ మొదటి నాలుగు సెక్టర్లలో ఒకదానిలో, మామూలుగా రెండోదానిలో, లేబుల్‌వన్ అనే గుర్తుతో మొదలయ్యే లేబుల్ ఉంటుంది. ఆ తర్వాత వాల్యూమ్ గ్రూప్ మొత్తం వివరం మామూలు టెక్స్ట్‌లో ఉంటుంది: గ్రూప్ పేరు, దాని యూయూఐడీ (దాన్ని మాత్రమే గుర్తించే పొడవాటి గుర్తు), ప్రతి లాజికల్ వాల్యూమ్ పేరు, దాని యూయూఐడీ, అది ఏ ఫిజికల్ వాల్యూమ్‌లో ఎక్కణ్నుంచి ఎంత దూరం ఉందో. గ్రూప్‌లో ఉన్న ప్రతి డిస్క్ మీదా మామూలుగా ఇదే కాపీ ఉంటుంది. అసలు నిజం ఇదే. మిగతావన్నీ దీన్ని ఏదో ఒక రోజు చూసి రాసిపెట్టుకున్న నోట్స్.

ఆ నోట్స్ ఎక్కడెక్కడ ఉంటాయంటే: బయోస్ మెషిన్‌లో డిస్క్ మొదట్లో కూర్చుని ముందుగా లేచే గ్రబ్ కోర్ ఇమేజ్‌లో, గ్రబ్ కాన్ఫిగ్ ఫైల్‌లో, అందులోనే కెర్నెల్‌కి ఇచ్చే రూట్ పారామీటర్‌లో, ఫెడోరా, ఆర్‌హెచ్‌ఈఎల్ (రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్) కొత్త వెర్షన్లలో అయితే /బూట్/లోడర్/ఎంట్రీస్ కింద ఉండే చిన్న ఫైళ్లలో, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లోపల దాచిన సెట్టింగ్స్‌లో, చివరగా ఎఫ్‌స్టాబ్‌లో. ఇల్లు మారి కొత్త చిరునామా ఒక్కరికే చెబితే మిగతా ఉత్తరాలన్నీ పాత ఇంటికే పోయినట్టు, వాల్యూమ్‌లో ఏదైనా మార్చి ఒక్క ఎఫ్‌స్టాబ్ మాత్రం సరిచేస్తే మిగతా దశలు పాతచోటే వెతుకుతాయి.

దీనికి తోడు ఈ నోట్స్ అన్నీ ఒకే పద్ధతిలో ఉండవు. కోర్ ఇమేజ్ ఎల్‌వీఎం యూయూఐడీతో గుర్తుపెట్టుకుంటుంది. గ్రబ్ కాన్ఫిగ్‌లో సెర్చ్ లైన్ ఫైల్ సిస్టమ్ యూయూఐడీ వాడుతుంది. కెర్నెల్ కమాండ్ లైన్‌లోకి వచ్చేసరికి పద్ధతి మళ్లీ మారుతుంది: మామూలు పార్టిషన్ అయితే గ్రబ్ స్క్రిప్ట్ అక్కడ యూయూఐడీ రాస్తుంది, రూట్ ఎల్‌వీఎంలో ఉంటే మాత్రం కావాలనే యూయూఐడీ వదిలేసి /డెవ్/మ్యాపర్ కింద ఉండే పేరు రాస్తుంది. అందుకే వాల్యూమ్ గ్రూప్ పేరు మారిస్తే గ్రబ్ దశలో చిన్న తేడా కూడా కనిపించదు, మెనూ చక్కగా వస్తుంది, కెర్నెల్ లోడ్ అవుతుంది, ఆ తర్వాతే కథ అడ్డం తిరుగుతుంది.

ఇంకో చిక్కు ఆలస్యం. నడుస్తున్న సర్వర్‌లో గ్రూప్ పేరు మార్చినా, మెమరీ చాలనప్పుడు వాడే స్వాప్ వాల్యూమ్ తీసేసినా ఆ క్షణంలో ఏమీ కాదు. మళ్లీ ఎప్పుడో నెలల తర్వాత కెర్నెల్ అప్‌డేట్ కోసం రీబూట్ చేసినప్పుడు బయటపడుతుంది. అప్పుడు నింద కెర్నెల్ అప్‌డేట్ మీద పడుతుంది, పాత కెర్నెల్ ఎంచుకుని చూస్తారు, అదీ ఆగుతుంది. రెండూ ఒకేచోట, ఒకేలా ఆగుతున్నాయంటే అనుమానించాల్సింది కొత్త కెర్నెల్‌ని కాదు.

ప్రాంప్ట్ ఏం చెబుతోంది

బూటబుల్ డివైస్ లేదని ఫర్మ్‌వేరే చెబితే గ్రబ్ అసలు మొదలే కాలేదు. ఎల్‌వీఎం జోలికి వెళ్లక్కర్లేదు, బూట్ ఆర్డర్, ఈఎఫ్‌ఐ ఎంట్రీలు చూడాలి. గ్రబ్ రెస్క్యూ అని ప్రాంప్ట్ వస్తే కోర్ ఇమేజ్ లేచింది గానీ తన మిగతా మాడ్యూల్స్ ఉన్న డైరెక్టరీ దొరకలేదు. ఉత్త గ్రబ్ అని ప్రాంప్ట్ వస్తే మాడ్యూల్స్ దాకా వెళ్లింది, కాన్ఫిగ్ ఫైల్ దొరకలేదు. ఈ రెండింటికీ తేడా చిన్నగా కనిపిస్తుంది గానీ రిపేర్ పూర్తిగా వేరు.

మెనూ వచ్చి, ఎంటర్ నొక్కాక కెర్నెల్ ప్యానిక్ అయి అన్‌నోన్ బ్లాక్ 0,0 అని చూపిస్తే చాలామటుకు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లోడే కాలేదని అర్థం. /బూట్ నిండిపోయి కొత్త ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ సగంలో ఆగిపోవడం దీనికి బాగా తరచుగా కనిపించే కారణం. పాత కెర్నెల్స్ పోగుపడి /బూట్ నిండుతుంది, అప్‌డేట్ సమయంలో వచ్చిన ఎర్రర్ ఎవరూ చూడరు. పాత కెర్నెల్‌తో బూట్ చేసి, అక్కర్లేనివి తీసేసి, మళ్లీ జనరేట్ చేస్తే సరిపోతుంది.

బ్రాకెట్లలో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అని గానీ, డ్రాకట్ (ఫెడోరా, ఆర్‌హెచ్‌ఈఎల్‌లలో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ తయారుచేసే ప్రోగ్రామ్) అని గానీ ప్రాంప్ట్ వస్తే గ్రబ్ తన పని పూర్తి చేసేసింది. ఇక్కడ గ్రబ్‌ని రీఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. మెయింటెనెన్స్ కోసం రూట్ పాస్‌వర్డ్ అడిగితే రూట్ కూడా మౌంట్ అయిపోయింది, గొడవ ఎఫ్‌స్టాబ్‌లో ఉన్న ఇంకేదో వాల్యూమ్‌తో.

గ్రబ్ రెస్క్యూ దగ్గర ఆగితే

బయోస్ పద్ధతిలో డిస్క్ మొదటి సెక్టర్ 512 బైట్లు, అందులో పార్టిషన్ టేబుల్ పోగా కోడ్‌కి మిగిలేది 446 బైట్లు. అంత చిన్న జాగాలో ఎల్‌వీఎం చదివే తెలివి పట్టదు కాబట్టి గ్రబ్ తన కోర్ ఇమేజ్‌ని ఆ వెనకే, మొదటి పార్టిషన్‌కి ముందున్న ఖాళీలో పెడుతుంది. పాత పద్ధతిలో పార్టిషన్ 63వ సెక్టర్ నుంచి మొదలైతే ఆ ఖాళీ 31 కేబీ చిల్లర మాత్రమే, అందులో ఎల్‌వీఎం, రెయిడ్ మాడ్యూల్స్ రెండూ చేరితే కోర్ ఇమేజ్ పట్టడం లేదని గ్రబ్ హెచ్చరిస్తుంది. 2048వ సెక్టర్ నుంచి మొదలయ్యే ఈనాటి డిస్కుల్లో ఆ ఇబ్బంది లేదు. జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ టేబుల్) ఉన్న డిస్క్‌ని బయోస్‌తో బూట్ చేస్తే మాత్రం దానికోసం విడిగా చిన్న బయోస్ బూట్ పార్టిషన్ ఉండాలి, 1 ఎంబీ చాలు.

/బూట్ ఎల్‌వీఎం లోపలే ఉన్నప్పుడు కోర్ ఇమేజ్‌లో రాసుకునే దారి ఎల్‌వీఎంఐడీ అనే మాటతో మొదలై, వాల్యూమ్ గ్రూప్ యూయూఐడీ, లాజికల్ వాల్యూమ్ యూయూఐడీ వరసగా వస్తాయి. స్క్రీన్ మీద "డిస్క్ ఎల్‌వీఎంఐడీ" అని మొదలై పొడవాటి అక్షరాల తర్వాత "నాట్ ఫౌండ్" అని ముగిస్తే ఆ రెండు గుర్తులున్న వాల్యూమ్ గ్రబ్‌కి కనిపించలేదని. గ్రూప్‌ని కొత్తగా సృష్టించి డేటా కాపీ చేసినా, క్లోన్‌కి కొత్త యూయూఐడీలు ఇచ్చినా ఇలా అవుతుంది. ఇంకో కారణం అంత తేలిగ్గా తట్టదు: రూట్ వాల్యూమ్‌ని రెండో డిస్క్‌లోకి పెంచారు, ఆ డిస్క్ ఉన్న కంట్రోలర్‌ని బయోస్ చూపించడం లేదు. లైనక్స్‌కి తన డ్రైవర్ ఉంది కాబట్టి డిస్క్ కనిపిస్తుంది, గ్రబ్ బయోస్ కళ్లతోనే చూస్తుంది కాబట్టి దానికి వాల్యూమ్ సగమే ఉన్నట్టు లెక్క.

రెస్క్యూలో ఉండే కమాండ్లు చాలా కొద్ది: ఎల్‌ఎస్, సెట్, అన్‌సెట్, ఇన్స్‌మాడ్. ముందు ఎల్‌ఎస్ కొట్టాలి. జాబితాలో ఎల్‌వీఎం/ అని మొదలయ్యే పేర్లు కనిపిస్తే సగం పని అయినట్టే. మాడ్యూల్స్ ఎక్కడున్నాయో చెప్పే ప్రిఫిక్స్‌ని ఆ వాల్యూమ్‌లోని /బూట్/గ్రబ్‌కి, రూట్‌ని ఆ వాల్యూమ్‌కి సెట్ చేసి, ఇన్స్‌మాడ్ నార్మల్, ఆ తర్వాత నార్మల్ అంటే మెనూ వచ్చేస్తుంది. లోపలికి వెళ్లాక గ్రబ్‌ని సరైన డిస్క్ మీద ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే కొత్త గుర్తులు రాసుకుంటుంది. ఎల్‌ఎస్‌లో ఉత్త హెచ్‌డీ0 లాంటివే ఉండి ఎల్‌వీఎం పేరే లేకపోతే కోర్ ఇమేజ్‌లో ఆ మాడ్యూల్ లేదు, లేదా డిస్క్ నిజంగానే కనిపించడం లేదు. అప్పుడు లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా లైనక్స్ నడిపే డ్రైవ్) తప్పదు.

సింబల్ నాట్ ఫౌండ్ అనే ఎర్రర్ వేరే జాతి. డిస్క్ మొదట్లో ఉన్న కోర్ ఇమేజ్ ఒక వెర్షన్‌ది, /బూట్/గ్రబ్‌లోని మాడ్యూల్స్ ఇంకో వెర్షన్‌వి అయినప్పుడు వస్తుంది. 2020 జులై చివర్లో బూట్‌హోల్ అనే లోపం, సీవీఈ-2020-10713, బయటపడి అందరూ గ్రబ్ అప్‌డేట్లు ఇచ్చినప్పుడు గ్రబ్_కాలోక్ అనే సింబల్ లేదంటూ మెషిన్లు ఆగింది ఈ కారణంగానే. ఉబుంటు, డెబియన్‌లలో ప్యాకేజీ ఏ డిస్క్ మీద గ్రబ్ పెట్టాలో ఒకప్పుడు అడిగి గుర్తుపెట్టుకుంటుంది, మధ్యలో డిస్క్ మారిపోతే అప్‌డేట్ వేరే డిస్క్ మీద కోర్ ఇమేజ్ రాస్తుంది, ఫర్మ్‌వేర్ మాత్రం పాతదాన్నే లేపుతుంది. గ్రబ్-పీసీ ప్యాకేజీని డీపీకేజీ-రీకాన్ఫిగర్‌తో మళ్లీ అడిగించి సరైన డిస్క్ ఎంచుకోవాలి. డిస్క్ అంటే ఎస్‌డీఏ, ఎస్‌డీఏ1 కాదు.

యూఈఎఫ్‌ఐలో ఈ కోర్ ఇమేజ్ గొడవ తక్కువ. ఉబుంటు, డెబియన్ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో రెండు మూడు లైన్ల చిన్న గ్రబ్ కాన్ఫిగ్ పెడతాయి. ఫలానా యూయూఐడీ ఉన్న ఫైల్ సిస్టమ్ వెతికి అక్కడి అసలు కాన్ఫిగ్ చదువు అని అందులో ఉంటుంది. /బూట్‌ని ఫార్మాట్ చేస్తే ఆ యూయూఐడీ మారిపోతుంది, గ్రబ్ ప్రాంప్ట్ దగ్గర ఆగుతుంది. టెక్స్ట్ ఎడిటర్‌లో ఒక్క లైన్ మారిస్తే పోయే సమస్య ఇది, దీనికోసం మొత్తం రీఇన్‌స్టాల్ చేసుకునేవాళ్లు కూడా ఉన్నారు.

మెనూ దాటాక రూట్ దొరకకపోతే

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ దశ. డెబియన్, ఉబుంటు అయితే రూట్ డివైస్ కోసం ఎదురుచూసి విసిగిపోయానని, /డెవ్/మ్యాపర్ కింద ఫలానా పేరు లేదని చెప్పి బిజీబాక్స్ అనే చిన్న షెల్‌లోకి వదిలేస్తుంది. ఫెడోరా, ఆర్‌హెచ్‌ఈఎల్ కుటుంబంలో డ్రాకట్ ఇనిట్‌క్యూ టైమౌట్ అనే లైన్ పదేపదే వచ్చి చివరికి ఎమర్జెన్సీ షెల్ వస్తుంది.

ఇక్కడ చేయాల్సిన మొదటి పని ఒక్కటే, పాత పార్టిషన్ అలవాటుతో ఫైల్ సిస్టమ్‌ని రిపేర్ చేసే ఎఫ్‌ఎస్‌సీకే కొట్టడం కాదు. ఫిజికల్ వాల్యూమ్‌ల జాబితా ఇచ్చే ఎల్‌వీఎం పీవీఎస్ అని టైప్ చేయాలి. మూడు జవాబుల్లో ఒకటి వస్తుంది. కమాండే లేదంటే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో ఎల్‌వీఎం ప్రోగ్రామ్ లేదు: డెబియన్‌లో ఎల్‌వీఎం2 ప్యాకేజీ రూట్‌లో ఇన్‌స్టాల్ కాలేదు, లేదా ఆర్చ్‌లో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ తయారుచేసే ఎంకేఇనిట్‌సీపీఐఓ హుక్స్ వరసలో బ్లాక్‌కీ ఫైల్‌సిస్టమ్స్‌కీ మధ్య ఎల్‌వీఎం2 రాయలేదు. కమాండ్ ఉండి జాబితా ఖాళీగా వస్తే డిస్కే కనిపించడం లేదు. ఫిజికల్ వాల్యూమ్‌లు చక్కగా కనిపిస్తే వాల్యూమ్ ఉంది, యాక్టివేట్ కాలేదు లేదా పేరు తేడా పడింది.

మూడో రకం తేలిక. ఎల్‌వీఎం వీజీఛేంజ్ -ఏ వై అని కొట్టి, ఎల్‌వీఎస్‌లో రూట్ యాక్టివ్ అని చూసుకుని, ఎగ్జిట్ అంటే బూట్ ముందుకు సాగుతుంది. పేరు తేడా ఉంటే మళ్లీ మెనూకి వెళ్లి ఇ నొక్కి, లైనక్స్ లైన్‌లో రూట్ పేరు సరిచేసి కంట్రోల్ ఎక్స్ కొడితే ఆ ఒక్కసారికి బూట్ అవుతుంది. తర్వాత లోపలికి వెళ్లి శాశ్వతంగా మార్చుకోవచ్చు.

రెండో రకం, డిస్కే కనిపించకపోవడం, ఎక్కువగా వర్చువల్ మెషిన్‌ని ఒక హైపర్‌వైజర్ (వర్చువల్ మెషిన్లను నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు వస్తుంది. డ్రాకట్ మామూలుగా హోస్ట్ఓన్లీ పద్ధతిలో పనిచేస్తుంది: ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ తయారైన రోజు ఆ మెషిన్‌లో ఏ హార్డ్‌వేర్ ఉందో దాని డ్రైవర్లే అందులో పెడుతుంది. కంట్రోలర్ మారితే డ్రైవర్ లేదు, డ్రైవర్ లేకపోతే డిస్క్ లేదు, డిస్క్ లేకపోతే ఎల్‌వీఎం లేదు. ఇలాంటప్పుడు మెనూ అడుగున ఉండే రెస్క్యూ ఎంట్రీ అక్షరాలా ప్రాణం పోస్తుంది, ఎందుకంటే దాని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో అన్ని డ్రైవర్లూ ఉంటాయి. దానితో లేచి డ్రాకట్‌ని -ఎఫ్‌తో నడిపి కొత్తది తయారుచేస్తే పని అయిపోతుంది. డెబియన్, ఉబుంటు మామూలుగానే ఎక్కువ డ్రైవర్లు పెడతాయి కాబట్టి అక్కడ ఈ దెబ్బ తక్కువ, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ సైజు మాత్రం పెరుగుతుంది.

డ్రాకట్‌కే ప్రత్యేకమైన ఇంకో ఉచ్చు ఉంది. కమాండ్ లైన్‌లో ఆర్‌డీ.ఎల్‌వీఎం.ఎల్‌వీ అని రాసిన వాల్యూమ్‌లను మాత్రమే అది యాక్టివేట్ చేస్తుంది, రాసిన ప్రతిదాని కోసమూ ఎదురుచూస్తుంది. మామూలు ఇన్‌స్టాలేషన్‌లో రూట్‌కి ఒకటి, స్వాప్‌కి ఒకటి ఉంటాయి. జాగా కోసం స్వాప్ వాల్యూమ్ తీసేసి, ఎఫ్‌స్టాబ్‌లో లైన్ కూడా శ్రద్ధగా తీసేసి, కమాండ్ లైన్‌లో మాత్రం మర్చిపోతే రూట్ పక్కనే సిద్ధంగా ఉన్నా డ్రాకట్ లేని స్వాప్ కోసం కూర్చుని చివరికి షెల్‌లోకి వదిలేస్తుంది. మెనూలో ఇ నొక్కి ఆ ముక్క తీసేస్తే లేస్తుంది, తర్వాత గ్రబ్బీ అనే కమాండ్‌తో అన్ని కెర్నెల్ ఎంట్రీల నుంచీ తీసేయాలి.

పేరులో హైఫన్

చిన్న విషయమే గానీ తిప్పలు చాలా పెడుతుంది. డివైస్ మ్యాపర్ పేరు అంటే గ్రూప్ పేరు, హైఫన్, వాల్యూమ్ పేరు. మరి గ్రూప్ పేరులోనే హైఫన్ ఉంటే? దాన్ని రెండు హైఫన్లుగా రాస్తుంది. ఉబుంటు సర్వర్ ఇచ్చే ఉబుంటు-వీజీ గ్రూప్‌లోని ఉబుంటు-ఎల్‌వీ వాల్యూమ్ /డెవ్/మ్యాపర్ కిందికి వచ్చేసరికి ఉబుంటు--వీజీ-ఉబుంటు--ఎల్‌వీ అవుతుంది. గ్రబ్ ప్రాంప్ట్‌లోనూ అంతే. చేత్తో రూట్ పేరు టైప్ చేసేటప్పుడు ఒక హైఫన్ తగ్గితే మళ్లీ అదే ఎర్రర్, వాల్యూమ్ పోయిందేమో అనే భయం. /డెవ్/ఉబుంటు-వీజీ/ఉబుంటు-ఎల్‌వీ అనే రెండో రూపంలో ఈ రెట్టింపు ఉండదు, కమాండ్ లైన్‌లో చేత్తో రాసేటప్పుడు అదే మేలు.

క్లోన్ డిస్కులు, తప్పిపోయిన డిస్కులు

డిస్క్‌ని బ్లాక్ బ్లాక్‌గా క్లోన్ చేస్తే ఫిజికల్ వాల్యూమ్ యూయూఐడీ, గ్రూప్ పేరు, ఫైల్ సిస్టమ్ యూయూఐడీ అన్నీ అచ్చంగా అవే వస్తాయి. రెండూ ఒకే మెషిన్‌లో తగిలిస్తే ఏది అసలో తేల్చుకోలేక ఎల్‌వీఎం హెచ్చరిస్తుంది, గ్రబ్ ఏది ముందు కనిపిస్తే దాన్ని పట్టుకోవచ్చు. కాపీ డిస్క్ తీసేసి బూట్ చేసి, ఆ తర్వాత దాన్ని తగిలించి వీజీఇంపోర్ట్‌క్లోన్‌తో కొత్త పేరు, కొత్త గుర్తులు ఇవ్వడమే శుభ్రమైన పద్ధతి.

ఆర్‌హెచ్‌ఈఎల్ 9 నుంచి ఇంకో పొర చేరింది. /ఈటీసీ/ఎల్‌వీఎం/డివైసెస్ కింద సిస్టమ్.డివైసెస్ అనే ఫైల్‌లో ఏ డిస్కులను వాడాలో పేరుపేరునా రాసి ఉంటుంది, అందులో లేని డిస్క్‌ని ఎల్‌వీఎం పట్టించుకోదు. మెషిన్ మార్చినప్పుడు డిస్క్ గుర్తింపు మారితే డిస్కులన్నీ చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో డిస్క్ కనిపిస్తుంది, పీవీఎస్‌లో కనిపించదు. ఈ రెండింటి మధ్య తేడా కనబడగానే వీజీఇంపోర్ట్‌డివైసెస్ లేదా ఎల్‌వీఎండివైసెస్ గుర్తుకు రావాలి. ఒకే స్టోరేజ్‌ని చాలా మెషిన్లు పంచుకునేచోట పొరపాటున పక్కవాళ్ల డిస్క్ ముట్టుకోకుండా ఈ ఫైల్ కాపాడుతుంది, కాబట్టి ఆ సౌకర్యాన్ని మొత్తంగా ఆపేయడం మంచి సలహా కాదు.

నిజంగానే ఒక డిస్క్ చచ్చిపోయి గ్రూప్‌లో లోటు పడితే, దాని మీద భాగం లేని వాల్యూమ్‌లను ఇంకా యాక్టివేట్ చేసుకోవచ్చు. వీజీరెడ్యూస్‌ని --రిమూవ్‌మిస్సింగ్‌తో, దానికి పైన --ఫోర్స్‌తో కొట్టమని సలహాలు దొరుకుతాయి. ఆ ఫోర్స్ తప్పిపోయిన డిస్క్ మీద కొంచెం భాగం ఉన్న వాల్యూమ్‌లను కూడా పూర్తిగా తీసేస్తుంది. కేబుల్ ఊడిందేమో చూడకముందే ఆ కమాండ్ కొట్టకూడదు. మెటాడేటా ఒక్కటే పాడైతే /ఈటీసీ/ఎల్‌వీఎం కింద బ్యాకప్, ఆర్కైవ్ డైరెక్టరీల్లో పాత కాపీలు ఉంటాయి, వీజీసీఎఫ్‌జీరిస్టోర్ వాటినే వాడుతుంది. అయితే అవి రూట్ లోపలే ఉంటాయి కాబట్టి రూటే తెరుచుకోనప్పుడు అందవు. ఇంకో మెషిన్‌లో కాపీ ఉంచుకోవడం ఇందుకే.

90 సెకన్ల ఎదురుచూపు

స్టార్ట్ జాబ్ నడుస్తోందంటూ ఒకటిన్నర నిమిషం లెక్కపెట్టి, తర్వాత ఎమర్జెన్సీ మోడ్‌కి వెళితే కారణం ఎఫ్‌స్టాబ్. లేని డివైస్ కోసం సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు చూస్తుంది. డేటా వాల్యూమ్ లైన్‌కి నోఫెయిల్ చేరిస్తే అది లేకపోయినా బూట్ పూర్తవుతుంది. రూట్ ఖాతా లాక్ అయి ఉండే ఉబుంటులో ఎమర్జెన్సీ షెల్ కూడా తెరుచుకోదు, అప్పుడు మెనూలో ఇనిట్=/బిన్/బ్యాష్ చేర్చి వెళ్లాలి.

లైవ్ యూఎస్‌బీతో రిపేర్

పద్ధతి అందరికీ తెలిసిందే: లైవ్‌లో బూట్ అయి, వీజీఛేంజ్‌తో వాల్యూమ్‌లు యాక్టివేట్ చేసి, రూట్‌ని మౌంట్ చేసి, లైవ్‌లోని /డెవ్, /ప్రాక్, /సిస్, /రన్‌లను దానిలోకి బైండ్ చేసి, సీహెచ్‌రూట్ కమాండ్‌తో ఆ రూట్ లోపలికి వెళ్లి రిపేర్ చేయడం. వర్చువల్ మెషిన్ అయినా, నిజం మెషిన్ అయినా వరస ఇదే. తప్పులు జరిగేది వివరాల్లో.

అన్నిటికన్నా నష్టం చేసేది /బూట్‌ని మౌంట్ చేయడం మర్చిపోవడం. రూట్ వాల్యూమ్ మౌంట్ చేయగానే లోపల /బూట్ అనే డైరెక్టరీ కనిపిస్తుంది, కానీ అది ఖాళీ, అసలు /బూట్ పార్టిషన్ తగిలించాల్సిన చోటు మాత్రమే. ఆ స్థితిలో గ్రబ్-ఇన్‌స్టాల్ కొడితే ఎర్రర్ ఏమీ రాదు, పని పూర్తయిందనే చెబుతుంది. జరిగేదేమిటంటే మాడ్యూల్స్ రూట్ వాల్యూమ్‌లోని ఆ ఖాళీ డైరెక్టరీలోకి వెళతాయి, కోర్ ఇమేజ్ ఇకమీదట విడి పార్టిషన్‌ని వదిలేసి ఎల్‌వీఎం లోపల వెతుకుతుంది. ఆ తర్వాత అప్‌డేట్-గ్రబ్ కొడితే ఆ ఖాళీ డైరెక్టరీలో ఒక్క కెర్నెల్ కూడా దొరకదు, మెనూలో లైనక్స్ ఎంట్రీయే లేకుండా కాన్ఫిగ్ రాసేస్తుంది. మొదట ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ దగ్గర ఆగుతున్న మెషిన్ ఇప్పుడు అంతకుముందు దశలోనే ఆగుతుంది. సీహెచ్‌రూట్‌లో ఎల్‌ఎస్ /బూట్ కొట్టి విఎమ్‌లినుజ్ పేరుతో మొదలయ్యే కెర్నెల్ ఫైల్ కంటికి కనిపించాకే ముందుకెళ్లాలి.

/రన్‌ని బైండ్ చేయకపోతే ఇంకోలా ఏడిపిస్తుంది. యూడెవ్ (డివైస్‌ల లెక్క చూసే ప్రోగ్రామ్) డేటాబేస్‌లో డివైస్ లేదు, 10000000 మైక్రోసెకన్లు చూశాను అని ప్రతి డిస్క్‌కీ ఒక లైన్ వస్తుంది. అంటే డిస్క్‌కి పది సెకన్లు. డిస్కులు ఎక్కువ ఉన్న సర్వర్‌లో అప్‌డేట్-గ్రబ్ హ్యాంగ్ అయిపోయిందనిపిస్తుంది. /రన్ బైండ్ చేస్తే ఈ ఆలస్యం మాయం.

లైవ్ యూఎస్‌బీ ఏ మోడ్‌లో బూట్ అయిందో కూడా చూడాలి. /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్‌ఐ ఉంటే యూఈఎఫ్‌ఐ, లేకపోతే బయోస్. యూఈఎఫ్‌ఐ మెషిన్‌ని బయోస్ మోడ్ లైవ్ నుంచి రిపేర్ చేయబోతే ఈఎఫ్‌ఐ బూట్ ఎంట్రీ రాయడం కుదరదు. ఆర్‌హెచ్‌ఈఎల్ కుటుంబంలో యూఈఎఫ్‌ఐ అయితే గ్రబ్2-ఇన్‌స్టాల్ వాడకూడదు, సంతకం ఉన్న ఇమేజ్ పోయి, సంతకం ఉన్నవాటినే నడవనిచ్చే సెక్యూర్ బూట్ దెబ్బతింటుంది. షిమ్, గ్రబ్2-ఈఎఫ్‌ఐ ప్యాకేజీలను డీఎన్‌ఎఫ్‌తో రీఇన్‌స్టాల్ చేయడమే అక్కడి పద్ధతి.

/బూట్ లోపలా, బయటా

గ్రబ్ 2కి ఎల్‌వీఎం వచ్చు కాబట్టి /బూట్‌ని విడిగా పెట్టక్కర్లేదనే వాదన ఉంది, అది తప్పేమీ కాదు. /బూట్ నిండిపోయే బెడద తగ్గుతుంది, పార్టిషన్ సైజు ముందే లెక్కేసుకునే పని ఉండదు. కానీ బేరంలో పోయేవి తక్కువేం కాదు. గ్రబ్‌ఎన్వ్ అనే చిన్న ఫైల్‌లో గ్రబ్ కిందటి బూట్ సంగతులు రాసుకుంటుంది. ఎల్‌వీఎం మీద అది రాయలేదు, కొన్ని వెర్షన్లలో డిస్క్‌ఫిల్టర్ రైట్స్ నాట్ సపోర్టెడ్ అని ఆగి ఏదో ఒక కీ నొక్కమంటుంది. కిందటిసారి బూట్ విఫలమైందా లేదా అనేది అది గుర్తుపెట్టుకోలేదు కాబట్టి ఉబుంటులో ప్రతిసారీ మెనూ 30 సెకన్లు నిలబడే పరిస్థితి వస్తుంది. పైగా ఎల్‌వీఎంలో కొత్త సౌకర్యం ఏది వచ్చినా గ్రబ్ మాడ్యూల్ దాన్ని నేర్చుకునేదాకా ఆగాలి. లైనక్స్ బాగా చదవగలిగే వాల్యూమ్ గ్రబ్‌కి అర్థంకాని వాల్యూమ్ కావచ్చు.

విడి /బూట్‌లో ఈ రెండో చదువరి అవసరమే లేదు. గ్రబ్ సాదా ఎక్స్‌ట్4 లేదా ఎక్స్‌ఎఫ్‌ఎస్ చదువుతుంది, ఎల్‌వీఎం బాధ్యత మొత్తం ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో ఉన్న అసలు ఎల్‌వీఎం ప్రోగ్రామ్‌ది. బూట్ ఆగినా కనీసం మెనూ, పాత కెర్నెల్, ఒక షెల్ మిగులుతాయి. దూరంలో ఉన్న సర్వర్‌కి ఆ మిగిలినవే చాలా విలువైనవి. డిస్ట్రిబ్యూషన్ల ఇన్‌స్టాలర్లు ఎల్‌వీఎం ఎంచుకుంటే ఇప్పటికీ /బూట్‌ని బయటే పెడుతున్నాయంటే అది పాత అలవాటు మాత్రమే కాదు. జాగా పొదుపు కంటే రిపేర్ సులువుని ఎంచుకోవడమే సరైనది, 1 జీబీ ఇస్తే చాలా మెషిన్లకు సరిపోతుంది.

రీబూట్‌కి ముందు

పేరు మార్చినా, స్వాప్ తీసేసినా, కొత్త డిస్క్ చేర్చి రూట్ పెంచినా, ఆ రోజే చూసుకోవాల్సినవి ఉన్నాయి. డెబియన్‌లో ఎల్‌ఎస్‌ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్, డ్రాకట్ ఉన్నచోట ఎల్‌ఎస్‌ఇనిట్‌ఆర్‌డీ కొట్టి అందులో ఎల్‌వీఎం ఉందో లేదో చూడవచ్చు. ఫైండ్‌ఎంఎన్‌టీని --వెరిఫైతో నడిపితే ఎఫ్‌స్టాబ్‌లో లేని డివైస్ ఏదైనా ఉంటే చెప్పేస్తుంది. పాత గ్రూప్ పేరుని /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్‌లో, /బూట్ కింద గ్రబ్ కాన్ఫిగ్‌లో, లోడర్ ఎంట్రీల్లో, డెబియన్ అయితే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ కింద ఉండే రెజ్యూమ్ ఫైల్‌లో గ్రెప్ చేయాలి. ఈ రెజ్యూమ్ ఫైల్‌ని దాదాపు అందరూ మర్చిపోతారు, లేని స్వాప్ పేరు అందులో మిగిలితే ప్రతి బూట్‌లోనూ కొంతసేపు ఊరికే ఆగుతుంది. అన్నీ సరిచేశాక ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ని తాజాగా తయారుచేసి, కెర్నెల్ అప్‌డేట్ కోసం ఎదురుచూడకుండా అదే రోజు ఒకసారి రీబూట్ చేయాలి. అప్పుడు ఏదైనా ఆగినా ఏం మార్చామో ఇంకా గుర్తుంటుంది, పాత పేరు ఏమిటో కూడా.